గూళ్ల గది రెక్క

కదిరి నుంచి తూర్పుకు పోయే దారిలో రామదాసు పట్టు షెడ్డు ఉండేది. పగటిపూట అంత సందడి చోటు ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. వేడినీళ్ల తొట్లలో పట్టుగూళ్లు ఉడుకుతుండేవి. పాతికమంది ఆడవాళ్లు వరసగా నిలబడి దారం తీస్తూ, ఒకరి మీద ఒకరు పరాచికాలాడుతుండేవాళ్లు. పొద్దు గుంకితే మాత్రం... తొట్లో గూళ్లు ఇంకా ఉడుకుతున్నా సరే, చేతులు తుడుచుకుని అందరూ రోడ్డెక్కేవాళ్లు. ఆ వేళప్పుడు షెడ్డు దగ్గర దిగుతామంటే బస్సు డ్రైవరు కూడా ఒకసారి వెనక్కి తిరిగి మనిషి మొహం చూసేవాడు.

ఎందుకని అడిగితే నోటితో ఎవరూ చెప్పరు. గడ్డంతో చూపిస్తారు — షెడ్డు వెనకాల, నడవ చివర, తాళం వేసిన గది.

గూళ్ల గది.

చీకటి పడితే అందులోంచి తట్టిన చప్పుడు వస్తుంది. టక్... కాసేపు ఏమీ ఉండదు. పోయిందిలే అనుకుంటాం. మళ్లీ టక్... టక్. లోపల మనిషి లేడు. రెండేళ్లుగా ఆ తాళం ఎవరూ తీయలేదు.

అది బయమ్మ పోయిన గది. బయమ్మ అంటే షెడ్డులో పనిచేసే తిప్పమ్మ కూతురు, ఇరవై రెండేళ్ల పిల్ల. ఆషాఢమాసంలో ఒక రాత్రి, రోజూలాగే గూళ్లకు కాపలాగా ఆ గదిలోనే మంచం వేసుకుని పడుకుంది. తెల్లవారి లేవలేదు. పొగ కమ్మి పోయిందన్నారు. దుప్పటి మెడదాకా కప్పుకుని నిద్రపోతున్నట్టే ఉందట. కుడిచేతి వేళ్ల కొసలు మాత్రం చీరుకుపోయి, నెత్తురు గడ్డకట్టి ఉన్నాయి. ఎలుకలు కొరికాయన్నారు.

అంతవరకూ ఊరంతా చెప్పుకునేదే. ఆ తర్వాతి సంగతి గురప్ప నోటినుంచి వచ్చింది. దెయ్యాల కథ చెప్పేవాళ్లలో సగం మందికి సొంత సరుకు కాస్త కలపకపోతే నిద్ర పట్టదు. గురప్ప ఆ బాపతు కాదు. కదిరి బస్టాండు వెనక సందులో రేకుల పని అతనిది. ట్రంకు పెట్టెలు, ధాన్యం డ్రమ్ములు, హోటళ్లకు పొగ గొట్టాలు చేస్తాడు. మాటకు మాట అడిగితే తప్ప చెప్పడు. ఈ కథ కూడా జన్మలో ఒక్కసారే చెప్పాడట.

రెండువేల రెండు. వాన చుక్క లేని ఏడు. అనంతపురం సీమలో వానకే కరువు, గాలికి కరువు లేదు. ఆషాఢం గాలి రేకులు లేపేస్తోంది. ఆ రోజుల్లో రామదాసు స్కూటరేసుకుని గురప్ప అంగడికి వచ్చాడు.

"గురప్పా, దెయ్యం లేదు, పాడూ లేదు. నువ్వు గొట్టంలో పెట్టిన ఆ రేకు రెక్కే గాలికి కొట్టుకుంటాండాది. వచ్చి మంచిది చూసి మార్చిపో. ఆ గది తెరిస్తే గానీ నా పని సాగదు. ఆడోళ్లు పొద్దు మునిగితే ఒక్కరూ నిలబడ్డం లేదప్పా."

ఆ మాట ఇంకెవరు విన్నా గుండె మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అనుకునేవాళ్లు. రేకు చప్పుడు! ఇంతేనా! గురప్ప మాత్రం చేతిలో సుత్తి కింద పెట్టేశాడు.

ఎందుకంటే ఆ రెక్క కొట్టుకోవడానికి వీల్లేదు. దాన్ని కదలకుండా కట్టేసింది తనే.

ఆ సంగతి అర్థం కావాలంటే ఆ గొట్టం సంగతి తెలియాలి. గూళ్ల గదికి ఆనుకుని పొయ్యి గది ఉంది. అందులో శనక్కాయ పొట్టు రాత్రంతా కుములుతూ ఉంటుంది, తెల్లారేసరికి నీళ్లు కాగాలి కదా. గూళ్ల గదిలోని ఆవిరినీ వాసననూ బయటికి తోలడానికి గోడలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను. పొయ్యికొక గొట్టం, ఫ్యానుకొక గొట్టం. కప్పుకు రెండు చిల్లులు పెట్టనివ్వనని రామదాసు పట్టుబడితే, ఆ రెండింటినీ నడవలో కలిపి ఒకే గొట్టంగా పైకి లేపాడు గురప్ప.

కలిపితే ఒక చిక్కు ఉంది. ఫ్యాను తిరిగినంతసేపూ గాలి బయటికే పోతుంది. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, పొయ్యి ఆగదు. పైనుంచి గాలి ఒక్క తోపు తోసిందంటే పొయ్యి పొగ దారి మళ్లి గూళ్ల గదిలోకి దిగుతుంది.

అందుకే ఫ్యాను వెనక గొట్టంలో ఒక రేకు రెక్క పెడతారు. పైన ఇరుసుకు వేలాడుతుంటుంది. ఫ్యాను గాలికి దానంతటదే లేస్తుంది. ఫ్యాను ఆగితే సొంత బరువుకే పడి దారి మూసేస్తుంది. దానికి కరెంటు అక్కర్లేదు, మీట అక్కర్లేదు. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అదే దాని గొప్ప.

రెండేళ్ల కిందట ఏదో అతుకు వేయడానికి గురప్ప అక్కడికి వెళ్లినప్పుడు బయమ్మ అడిగింది.

"మామా, రాత్రంతా ఆ రేకు టకటకా కొట్టుకుంటాది. కన్ను మూతపడదు. ఏమన్నా చెయ్యి మామా."

మర్నాడు వేరే రెక్క తెచ్చి పెట్టాల్సింది. గురప్పకు ఆ సంగతి బాగా తెలుసు. కానీ చివరి బస్సు వేళైంది. బయమ్మ మంచమే ఎక్కి, ఫ్యాను కింద దుమ్ము తీసే మూత తెరిచి, రెక్కను పైకెత్తి, ఇనుప తీగతో కట్టేశాడు. ఎడమచేతి వాటం మనిషి. ఎడమకు ఆరు మెలికలు తిప్పాడు. పిల్ల టార్చి పట్టుకుంది.

"కరెంటు పోతే ఇప్పుకో పాపా. మర్చిపోవద్దు."

"మర్చిపోనులే మామా."

మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా చేసిన వస్తువును తీసుకుపోయి, నిద్రపోయే పిల్ల చేతిలో పెట్టి బస్సెక్కాడు. ఆ రాత్రే కరెంటు పోయింది.

ఈ రెండేళ్లూ గురప్ప ఆ దారిన పోలేదు. తూర్పు ఊళ్ల పని వస్తే ఒంట్లో బాగాలేదనేవాడు. ఇప్పుడు రామదాసు పిలుస్తున్నాడు... వెళ్లకపోతే ఇంకొకడు వెళ్లి మూత తెరుస్తాడు. తీగ చూస్తాడు, మెలిక ఎటువైపు తిరిగిందో చూస్తాడు. పైగా ఆ గది తెరిస్తే మళ్లీ అందులో ఎవరో ఒకరు పడుకుంటారు. గురప్ప గోనెసంచి సర్దుకున్నాడు.

సాయంత్రం అయిదింటికి షెడ్డు చేరాడు. ఆడవాళ్లు అప్పటికే చెంగులు దులుపుకుంటున్నారు. రామదాసు తాళంచెవి తిప్పమ్మ చేతిలో పెట్టి, "దెయ్యం గియ్యం ఏం లేదప్పా, భయపడొద్దు" అని ధైర్యం చెప్పాడు. చెబుతూనే స్కూటరు స్టార్టు చేశాడు.

మిగిలింది ఇద్దరు. తిప్పమ్మకు యాభై దాటాయి. ఎండిన మనిషి. కూతురు పోయాక కూడా షెడ్డు వదల్లేదు. రాత్రిళ్లు ముందు వసారాలో ఒంటరిగా పడుకునేది. దెయ్యం అన్న మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. పాప అనేది. పాప తడతాంది, అనేది, అంతే.

తాళం తీశారు. తలుపు లోపలికి తెరుచుకుంది. పాత గూళ్ల వాసన, దుమ్ము. ఆ మంచం అక్కడే ఉంది, ఫ్యాను కిందే... ఎవరూ జరపలేదు.

గురప్ప మంచం ఎక్కాడు. మూత మర తిప్పి తీసి, టార్చి లోపలికి వేశాడు.

రెక్క కట్టేసి లేదు. వదులుగా వేలాడుతోంది.

తీగ తెగిపోయిందేమో అనుకున్నాడు. రెండు ఆషాఢాల గాలికి ఇనుప తీగ అయినా తెగుతుంది. చేయి పెట్టి తడిమాడు.

తెగలేదు.

విప్పి ఉంది. అతను తిప్పిన ఆరు మెలికలూ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి ఉన్నాయి. విప్పిన తీగను రెక్కకు అడ్డం రాకుండా వంచి, ఇరుసు పక్కన మేకుకు తగిలించి ఉంది. కొసల్లో నల్లటి మరక ఎండిపోయి ఉంది. కటింగ్ ప్లేయరుతో బిగించిన మెలిక అది... వట్టి వేళ్లతో విప్పారు.

ఎలుకలు కాదు.

గురప్ప మంచం మీద అలాగే నిలబడిపోయాడు. ఆ పిల్ల నిద్రలో పోలేదు. లేచింది. పొగ తలకెక్కి, కాళ్లు తేలిపోతూ, చీకట్లో మంచమెక్కి, మామ చెప్పిన పని చేసింది. మర్చిపోలేదు. రెక్క పడి మూసుకుంది, ఇంక ఫరవాలేదనుకుని మళ్లీ దుప్పటి కప్పుకుంది. అప్పటికే గదిలో నిండిన పొగ బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోయిందని ఆ మత్తులో ఆమెకు తట్టలేదు.

ఆ పూట నుంచి రెక్క వదులుగానే ఉంది. గాలికి కొట్టుకుంటోంది. రామదాసు చెప్పిందే నిజం. దెయ్యం లేదు.

గురప్పకు మాత్రం, అయ్యో, దెయ్యమే ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

"ఏముండాదప్పా పైన?" కింద నుంచి తిప్పమ్మ మెల్లగా అడిగింది.

"ఏం లేదక్కా... దుమ్ము." తీగను జేబులో వేసుకున్నాడు.

పాత రెక్క ఊడదీసి సంచిలో వేశాడు. ఆరున్నరకు కరెంటు పోయింది. తిప్పమ్మ లాంతరు ముట్టించింది. అప్పుడే ఇంకొక వింత జరిగింది — గాలి పడిపోయింది. పొద్దున్నుంచీ ఊళలు పెట్టిన గాలి, ఎవరో చెయ్యెత్తి ఆగమన్నట్టు ఆగిపోయింది. ఆషాఢంలో ఆకు కదలని సాయంత్రం ఆ సీమలో పుట్టినవాళ్లెవరూ చూసి ఉండరు.

నడవలో కూర్చుని గురప్ప మూడు కొత్త రెక్కలు నేల మీద పరిచాడు.

"మూడెందుకప్పా? ఒక్కటి సాలదా?"

"ఏది నప్పుతాదో చూడాల కదక్కా." మాట్లాడటానికి ఏదో ఒకటి దొరికింది, చాలనుకున్నాడు. "ఇది రబ్బరుది. సప్పుడు సెయ్యదు. ఐతే ఏడాది తిరిగేలోపు వేడికి మూల లేస్తాది, సందు పడతాది. ఇది ఇనుము. గట్టిగా మూసుకుంటాది, కానీ ఈ చిన్న ఫ్యాను దాన్ని లేపలేదు. ఆవిరి లోపల్నే నిలిచిపోతాది."

"మరి ఇది?"

"అల్యూమినియం. ఊపిరి తగిలినా లేస్తాది. ఐతే వట్టిదే పెడితే పాతదాని మాదిరే కొట్టుకుంటాది."

అందుకని దాని అంచు చుట్టూ కంబళి ముక్క అతికించాడు, గొర్రెలోళ్ల దగ్గర కొన్న మందపాటి కంబళి. ఇరుసును గొట్టం పక్కనుంచి నడవలోకి బయటికి తీసి, దాని కొసకు ఒక చువ్వ బిగించి, చువ్వకు నట్లు ఒక్కొక్కటే ఎక్కించాడు. లోపల రెక్క లేస్తే బయట చువ్వ కిందికి వంగుతుంది. రెక్క మూసుకుంటే చువ్వ మళ్లీ పైకొస్తుంది. ఇక ఎవరూ మూత తీసి చూడనక్కర్లేదు. గదిలోకి పోయి బీడీ ముట్టించి ఫ్యాను దగ్గర పొగ ఊదాడు. ఒక నట్టు తీశాడు, మళ్లీ వేశాడు. చివరికి నోటితో ఊదితే చాలు, రెక్క లేచి, ఆపగానే చప్పుడు లేకుండా కూర్చునేంత తేలిగ్గా తూచి పెట్టాడు. జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు.

బయటికి వచ్చి తలుపు లాగి గొళ్లెం పెట్టాడు.

"ఇంక సప్పుడు రాదా?" అంది తిప్పమ్మ.

"రాదక్కా."

ఆమె లాంతరు వత్తి సరిచేసింది. "ఆ సప్పుడు ఇంటానే పండుకుంటాండా రెండేండ్లుగా."

గురప్ప మిగిలిన రెక్కలు సంచిలో వేసుకున్నాడు.

"ఫ్యాను ఆగితే ఇది మూసుకోవాల. అంతే కదా?"

"అంతేక్కా."

"మూసుకోకుంటే?"

"...పొయ్యి పొగ లోపలికొస్తాది."

అన్నాక గానీ తనేం అన్నాడో అతనికి తెలియలేదు. తిప్పమ్మ మెల్లగా తల తిప్పింది.

"ఆ పొద్దు దాన్ని నువ్వు కట్టేసి పోతివి గదా. పాప సెప్పినాది నాకు. మామ కట్టినాడు, ఈ పొద్దు కంటి నిండా నిద్దరపోతా, అని."

రెండేళ్లు మోసిన బరువు. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం చాలు. గాలికి తీగ తెగింది అంటే ఆమె నమ్మేస్తుంది... గురప్ప జేబులో చెయ్యి పెట్టి తీగ తీసి లాంతరు ముందు పెట్టాడు.

"నేను కట్టినందుకే పొగ లోపలికొచ్చినాదక్కా. పాప నిద్దరలో పోలేదు. లేసినాది. దీన్ని ఇప్పినాది. కరెంటు పోతే ఇప్పుకోమని సెప్పింటి... సెప్పినట్టే సేసినాది. నాది తప్పు. నాదే."

అతను ఏడుస్తున్నాడు. ఆమె ఏడవలేదు. తీగ చేతిలోకి తీసుకుని, విప్పిన కొసల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రాసింది.

"ఎలకలు కాదన్నమాట" అంది.

తర్వాత అడిగింది, గొంతు ఇంకా తగ్గించి.

"ఆ రాత్రి నేను ముందు వసారాలో పండుకోని ఉన్యా. తట్టిన సప్పుడు ఇన్యా గురప్పా. లేసి సూడలా. తెల్లారినాక రెక్క కట్టేసిండేది గుర్తొచ్చినాది. రెక్క కాకపోతే తలుపే కదా. పాప తలుపు తట్టింటే నేను లేయలేదనుకోని ఈ రెండేండ్లు..." ఆగింది. "అది రెక్కేనా? పాప ఇప్పినాక కొట్టుకున్నాదా?"

"రెక్కే అక్కా."

"తలుపు కాదు?"

"కాదు. ఒట్టు."

ఆమె ఊపిరి వదిలింది. ఆ ముఖంలో ముడతలు ఒక్కొక్కటే సడలడం గురప్ప చూశాడు. తను ఇవ్వగలిగింది అదొక్కటే, ఇచ్చాడు. నడవంతా నిశ్శబ్దంగా ఉంది. గాలి లేదు, ఫ్యాను లేదు. పాత రెక్క సంచిలో ఉంది. కొత్త రెక్కకు కంబళి అంచు.

టక్.

ఇద్దరూ కదల్లేదు.

టక్... టక్.

గొట్టంలోంచి కాదు. తలుపు. గొళ్లెం పెట్టిన తలుపుకు అవతలి వైపు నుంచి, పిల్లలు వేలి కణుపుతో తట్టినట్టు.

గురప్ప గోడకు ఆనుకుపోయాడు. తలుపు కాదని ఒట్టు వేసి క్షణం కాలేదు. తిప్పమ్మ మాత్రం భయపడలేదు. మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

"ఆ పొద్దు లేయలా" అంది తలుపు వైపు చూస్తూ. "ఇదో, లేసినా పాపా. వస్తాండా."

నాలుగడుగుల దూరం. ఆమె చెయ్యి గొళ్లేన్ని ఇంకా తాకలేదు — గురప్ప ఆ మాట మాత్రం ఎన్నిసార్లు అడిగినా గట్టిగా చెప్పాడట, తాకలేదు — గోడ పక్కన చువ్వ కిందికి వంగింది.

లోపల రెక్క లేచింది.

మెల్లగా, పూర్తిగా లేచింది. అలాగే నిలబడింది... ఒక మనిషి వంగి దాటడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. చువ్వ కొసన నట్లు వణికాయి. తర్వాత చువ్వ తిరిగి పైకొచ్చింది. కంబళి అంచు గొట్టానికి ఆనుకుంది. చప్పుడు రాలేదు.

తిప్పమ్మ గొళ్లెం తీసి తలుపు తోసింది. లాంతరు వెలుగులో మంచం, దుమ్ము, మంచం మీద గురప్ప పాదాల గుర్తులు. ఇంకేమీ లేదు. గది వట్టి గదిలా ఉంది, రెండేళ్లలో మొదటిసారి.

ఆమె గడప మీద నిలబడి చాలాసేపు చూసింది.

"పోయినాదా గురప్పా?"

"పోయినాదక్కా."

"మళ్లా వస్తాదా?"

గురప్ప తల పైకెత్తి ఆ రెక్క వైపు చూశాడు. మూడింట్లో ఏరి, కంబళి కట్టి, నట్లు తూచి తన చేతులతో పెట్టింది. లోపలిది బయటికి పోనిస్తుంది.

"ఇంక రాదక్కా" అన్నాడు. "రానియ్యకుండా ఉండేదే సూసి పెట్టినా."